పిట్టకు పెట్టిన పొద్దు

పొద్దున తొమ్మిదింటికి పెట్టిన విస్తరి పదకొండైనా పెట్టింది పెట్టినట్టే ఉంది. మోదుగాకు విస్తరిలో అన్నం, కోడికూర, రెండు గారెలు, చిన్న బెల్లం ముక్క, పక్కన దొన్నెలో కల్లు. చనిపోయిన భూమవ్వకు ఏమేం ఇష్టమో అవన్నీ ఆమె కోడలు దేవవ్వ చీకటితో లేచి వండింది. భూమవ్వ పోయి ఆ రోజుకు మూడొద్దులు. చెరువు ఒడ్డున ఆమెను కాల్చిన చోటికి కాస్త ఎడంగా విస్తరి పెట్టి, అందరూ వెనక్కి వచ్చి తుమ్మచెట్ల కింద కూర్చున్నారు. ఇక పిట్ట రావాలి.

పిట్ట అంటే ఏదో ఒక పిట్ట కాదు, కాకి. కాకి వచ్చి ముడితే పోయిన మనిషి కడుపు నిండి పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో పెట్టుకుని పోయినట్టు. ముట్టేదాకా ఇంటివాళ్లు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. ఆ ఊళ్లో తాతముత్తాతల నాటి పద్ధతి ఇది. అయితే పద్ధతి పెట్టిన పెద్దలకు, కాకులే లేని రోజు ఒకటి వస్తుందని కలలో కూడా తోచి ఉండదు. అందుకే దానికి మారు పద్ధతి ఏదీ చెప్పిపోలేదు.

శివరాత్రి వెళ్లి వారమైంది. చలి తగ్గింది, ఎండ ఇంకా ముదరలేదు. చెరువు సగానికి వెనక్కి పోయి ఒడ్డంతా బురద తేలింది. ఆ బురద నిండా పిట్టలే. నత్తగుల్ల కొంగలు వంగి వంగి నత్తల్ని ఏరుకుంటున్నాయి. గుడ్డికొంగలకు అప్పుడే వీపు మీద ఎర్రటి ఈకలు మొలుస్తున్నాయి. జిట్టంగి పిట్టలు తోక ఆడిస్తూ నీళ్ల అంచున పరుగులు పెడుతున్నాయి. నడిచెరువులో, తల మీద నల్లటి పట్టెలున్న బాతులు వందకు పైగా ఉన్నాయి. చలికాలమంతా ఇక్కడ తిని బలిసి, ఇవాళో రేపో ఉత్తరానికి లేచిపోయేవి. మెడలో కెమెరాలు వేసుకుని హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లు ఆ చెరువును ఆ పొద్దు చూస్తే ఎగిరి గంతేసేవాళ్లు. భూమవ్వ కొడుకు లింగమూర్తికి మాత్రం ఏడుపొస్తోంది. ఇన్ని రకాల పిట్టల్లో ఒక్క కాకి లేదు.

"టైమంటే టైముకు రావాలె గదరా. గిదేం కాకులురా?" అన్నాడు శ్యాంసుందర్. ఆయన భూమవ్వ తమ్ముడు, హుజూరాబాద్ డిపోలో కండక్టరుగా చేసి రిటైరైనవాడు. ముప్పై ఏళ్లు బస్సు ఆలస్యానికి జనం చేత తిట్లు తిన్న మనిషి, ఇప్పుడు కాకి ఆలస్యాన్ని ఓర్చుకోలేకపోతున్నాడు.

ఇంకాసేపు చూసి ఆయనే మళ్లీ అన్నాడు. "గా మోడు మీద నీటికాకులు కూసున్నయి గద. అవి గూడ కాకులే గద?"

"నోరు మూసుకో శ్యాంసుందరూ," అంది లస్మవ్వ. ఆమె లింగమూర్తికి మేనత్త, ఆ గుంపులో అందరికంటే పెద్దది. "చేపలు మింగేదానికి గారెలు పెడితే వస్తదా? రాకపోవుడు ఊరికెనే గాదు. మా వదినె పానం దేనిమీదనో ఉన్నది. ఎవలకు వాళ్లు వచ్చి, చెప్పుకునేది చెప్పుకోండ్రి."

ఇదీ పద్ధతే. పిట్ట రానప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే ముందుకు వచ్చి, పోయినవాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడి మాట ఇవ్వాలి. సరైన మాట పడగానే కాకి దిగుతుందంటారు. ముందు శ్యాంసుందర్ లేచి చేతులు జోడించాడు. "అక్కా, నువ్వు చెప్పి చెప్పి సాలిచ్చుకున్నవు. నీ మీద ఒట్టు, కల్లు బంద్ జేస్తనే." దొన్నె వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "ఎండకాలం పోనీ," అని కలిపాడు. కాకి రాలేదు. అంత మాటకు వస్తుందని ఆయన కూడా అనుకోలేదు.

తర్వాత లింగమూర్తి చెల్లెలు సృజన లేచింది. ఆమె భర్త మందమర్రిలో బొగ్గు బాయి పని చేస్తాడు. తల్లి పోయిందన్న ఫోను వచ్చినప్పటి నుంచి ఏడ్చి ఏడ్చి ఆమె ముక్కూ మొహమూ వాచిపోయాయి. "అవ్వా, పోయిన బతుకమ్మకు రమ్మంటే రాలే. తప్పైందే. ఇగ నుంచి ఎవలు పిలిచినా పిలువకున్నా వస్త. అన్నకు వదినెకు మంచిగుంట. ఒక్కసారి రావే అవ్వా," అంటూ అక్కడే కూలబడింది. కాకి రాలేదు.

కోడలు దేవవ్వ వచ్చింది. "అత్తమ్మా, నువ్వు పిట్టలకు గింజలేస్తుంటే పనిపాట లేదా అని గులిగిన. ఇగ మీద పెరట్ల నేనే ఏస్త. పెంకల నీళ్లు నేనే పోస్త," అంది. ఆ మాటకు సృజన తలెత్తి వదిన వైపు చూసింది. చూసి, కళ్లు తుడుచుకుని, ఏదో ఆలోచనలో పడింది. కాకి మాత్రం రాలేదు.

చివరికి అందరూ లింగమూర్తి వైపు తిరిగారు. తలకొరివి పెట్టిన ఒక్కగానొక్క కొడుకు. అతను విస్తరికి నాలుగడుగుల దూరంలో నిలబడి, "అవ్వా, నీకు ఈడ గద్దె కట్టిస్త. యాడాది యాడాది ఇట్లనే వచ్చి అన్నం పెడుత," అన్నాడు. 

"గద్దె ఎవలడిగిండ్రురా నిన్ను?" అంది లస్మవ్వ వెనుక నుంచి. "కడుపుల ఉన్నది చెప్పు. అవ్వ నీతోని మాట్లాడుతలేదని వాడకట్టంత అనుకున్నరు. ఏమన్నవు ఆమెను?"

"నేనేం అనలేదత్తా."

"అనకుంటె గట్లెందుకుంటది ఆమె?"

లింగమూర్తి వెనక్కి తిరిగాడు. తువ్వాల భుజాన వేసుకుని, "కాకి యాడున్నదో చూసి తోలుకొస్త," అంటూ కట్ట ఎక్కేశాడు. కాకిని తోలుకొచ్చేది ఏముంటుందిరా, అదేమన్నా ఎడ్ల జతా అని శ్యాంసుందర్ వెనుక నుంచి అంటున్నా వినిపించుకోలేదు. కాకులు ఎందుకు రావో ఆ గుంపులో అతనికొక్కడికే తెలుసు. వాటిని చంపింది అతనే.

చెరువు నీళ్లు వెనక్కి పోతుంటే తేలే శిఖం భూమిలో, జనవరి చివర అతను మక్కజొన్న వేశాడు. తడి నేల, నీళ్లు పెట్టే పని లేదు, చేతికొస్తే పంట ఊరికే వచ్చినట్టే. మొలక వేలెడంత లేవగానే కాకులు దిగాయి. కాకి మొలకను తినదు. దాన్ని ముక్కుతో పట్టి లాగి, వేరుకు అంటుకున్న గింజను తిని, మొలకను పక్కన పారేసి పోతుంది. చూస్తుండగానే పొద్దు గూకేసరికి సగం చేను పడుకుంది. మళ్లీ విత్తాడు. మెరుపు టేపులు కట్టాడు, డబ్బాలు వాయించాడు, పటాకులు కాల్చాడు. కాకులు రెండు రోజులు బెదిరినట్టు బెదిరి మూడో రోజు టేపుల మీదే కూర్చున్నాయి. మూడోసారి విత్తిన రోజు అతనికి కోపం నెత్తికెక్కింది. ఊదా రంగు గుళికల మందు తెచ్చాడు. కలపడానికి గింజలు కావాలి. పెరట్లో అరుగు మీద అవ్వ రేకు డబ్బా చేతికందింది.

ఆ డబ్బా ఊళ్లో పిట్టలన్నింటికీ తెలుసు. తెల్లారగానే భూమవ్వ దాని మూత మీద వేళ్లతో టకటకా కొడితే చాలు, పెరడంతా రెక్కల చప్పుడే. చూరుకు వేలాడగట్టిన వరి కుచ్చుల మీద పిచ్చుకలు, జామచెట్టు కింద గోరింకలు, మట్టి పెంకలో నీళ్లు తాగడానికి పికిలిపిట్టలు. అందరికంటే చివర, ఇంటి అల్లుళ్లలా తీరిగ్గా కాకులు వచ్చేవి. లింగమూర్తికి ఊహ తెలిసినప్పటి నుంచి ఏ పిట్ట ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో చెప్పింది ఆమే. "పొద్దు మారిందిరా లింగా, పికిలిపిట్ట జోడు గట్టింది సూడు," అనేది ఏటా ఈ రోజుల్లోనే. ఆ డబ్బాలోనే అతను మందు కలిపాడు. కావలసినంత పొలం గట్ల వెంట చల్లి, మిగిలింది డబ్బాలోనే ఉంచి కొట్టంలో వదిలేసి, తర్వాత పారేద్దాంలే అనుకుని పడుకున్నాడు.

రెండు రోజుల్లో అరవై దాకా కాకులు రాలాయి. చింతచెట్ల కింద, కట్ట మీద, బడి ముందు, ఎక్కడ చూస్తే అక్కడ. అప్పుడు టీవీలో కోళ్ల రోగం గురించి చెబుతున్నారు గనుక ఊరంతా అదే అనుకుంది. అతను కూడా నలుగురితో పాటు అదే అన్నాడు. ఒక కాకి పెరట్లోకి వచ్చి భూమవ్వ కాళ్ల దగ్గరే పడింది. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని, ముక్కు తెరిచి చెంచాతో నీళ్లు పోసింది. అది నీళ్లు మింగలేదు. మర్నాడు తెల్లారి భూమవ్వ, రెండు రోజులుగా కనబడని తన డబ్బా కొట్టంలో దొరికితే, మూత తీసి, వంగి వాసన చూసి, కొడుకును పిలిచింది.

"లింగా, గీ డబ్బ ఎవలు ముట్టిండ్రు?"

"నాకేమెరుక అవ్వా?"

ఆమె అతని మొహంలోకి చూసింది. అంతే, మరో మాట అనలేదు. ఆ రోజే కాదు, తర్వాత ఇరవై రెండు రోజులు అనలేదు. పిలిస్తే పలకలేదు, అన్నం పెట్టి పక్కకు జరిగేది. ఇరవై మూడో రోజు పొద్దున పెంకలో నీళ్లు పోస్తూ పోస్తూ అక్కడే ఒరిగిపోయింది. తల్లికి తను చివరగా ఇచ్చిన జవాబు ఒక అబద్ధం. ఇప్పుడు దాన్ని సరిదిద్దుకుందామంటే ఆమె లేదు. ఉన్నదల్లా ఆ విస్తరి, వస్తే గిస్తే దాని దగ్గరికి వచ్చే కాకి. ఒక్క కాకి ముడితే అవ్వ తనను క్షమించినట్టు. ఆ ఒక్క ఆశతోనే అతను ఎండలో ఉత్తకాళ్లతో కట్ట మీద పరిగెత్తినట్టు నడిచాడు.

అవతలి గట్టున తూము దగ్గర చాంద్‌పాషా చేపలు కడుగుతున్నాడు. చెరువు చేపలు కొని హుజూరాబాద్‌లో అమ్ముకునే మనిషి. లింగమూర్తి వచ్చిన తీరు చూసి చేతులు తుడుచుకుని లేచాడు.

"కాకి కావాలె చాంద్‌భాయ్. పొద్దటి సంది ఒక్కటి వస్తలేదు."

"పరేషాన్ గాకు లింగన్నా, కూసో జర. ఒక్కటున్నది. మొన్నటి రోగానికి అన్ని పోయినయి గని గిదొక్కటి మిగిలింది. నేను చేపల పేగులు తీసేటప్పుడు వస్తది." తాటిచెట్టు వైపు గడ్డంతో చూపించాడు. "అగో, ఆకు మట్ట మీద."

లింగమూర్తి తలెత్తి చూశాడు. మట్ట మీద కాకి, ఒక రెక్క కొంచెం జారినట్టుంది, తల పక్కకు వంచి కిందికి చూస్తోంది. కాకిని చూసి ఏడ్చిన మనిషి ఆ మండలంలో అతనొక్కడే అయి ఉంటాడు.

చాంద్‌పాషా చేప పేగులు కవర్లో వేసి చేతికిచ్చాడు. "మీ అవ్వ అసుంటి మనిషికి కాకి రాకపోవుడేంది? కొద్దికొద్దిగ ఏసుకుంట పో. ఎంబడి వస్తది," అన్నాడు.

అలా మొదలైంది. ఇరవై అడుగులకొక ముక్క వేసి, పోయి దూరంగా కూర్చోవాలి. కాకి దిగి అటూ ఇటూ చూసి, తిని, మళ్లీ ఏ తుమ్మచెట్టో ఎక్కుతుంది. మళ్లీ ఇరవై అడుగులు. ఒకచోట గద్ద వచ్చి ముక్కను తన్నుకుపోయింది. కాకి బెదిరి వెనక్కి తూము దాకా పోయింది, అతనూ వెనక్కి పోయి మళ్లీ మొదటి నుంచి పిలుచుకొచ్చాడు. ఇంకోచోట తీతువు పిట్ట గుడ్ల కోసమో ఏమో ఊరంతా వినబడేలా అరిచింది. అతను నోటి మీద వేలు పెట్టి దాన్ని ఊరుకోమన్నాడు. అది ఊరుకుంటుందా? మధ్యాహ్నం కావొస్తోంది, కట్ట మీది కంకర కాలుతోంది, నిన్న రాత్రి నుంచి కడుపులో ఏమీ లేదు. కాకి ఒక మోడు మీద కూర్చుని ఎంతకీ దిగకపోతే, అతను మోకాళ్ల మీద కూలబడి చేతులు జోడించాడు.

"రా అవ్వా. ఒక్కపారి రా. తిట్టు, కొట్టు, ఏమన్న జెయ్యి. నేనే కలిపిన. నేనే. రా అవ్వా."

తల్లికి చెప్పాల్సిన మాట కాకికి చెప్పాడు. అది విన్నదో లేదో గానీ, దిగి వచ్చి ముక్క తిన్నది. లింగమూర్తికి గుండెల మీది బండ సగం దిగినట్టయింది. మిగిలిన సగం కూడా ఇంకో రెండు వందల అడుగుల్లో దిగిపోతుందనుకున్నాడు.

కట్ట వంపు తిరగగానే తుమ్మచెట్ల కింద మనుషులు కనబడ్డారు. కాకికి అంతకుముందే తెల్లటి అన్నం కుప్ప కనబడినట్టుంది. అతని నెత్తి మీదుగా ఎగిరి ముందుకు పోయి, విస్తరికి దగ్గర్లో ఉన్న కొమ్మ మీద వాలింది. అందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. లస్మవ్వ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. శ్యాంసుందర్ వాచీ చూసుకోవడం మరిచిపోయాడు.

సృజన అతనికి ఎదురు పరిగెత్తుకొచ్చింది, ఏడుస్తూ, నవ్వుతూ. "వచ్చిందన్నా, అవ్వ వచ్చింది! గింజలేసిన గందుకే వచ్చింది."

"ఏం గింజలు?"

"అవ్వ గింజలు. వదినె గింజలని అనంగనే నాకు యాదికొచ్చింది. నువ్వు అటు పోంగనే ఇంటికి ఉరికిన. పెరట్ల డబ్బ లేదు. ఇల్లంత దేవులాడితే అటక మీద దొరికింది. ఎవలకు అందకుండ ఆ మూలకు, అవ్వ తన పాత చీరపేలికతోని గట్టిగ ముడేసి దాసిపెట్టింది. పిట్టల కోసమే గద దాసింది? రెండు పిడికిళ్లు అన్నం మీద జల్లిన."

ఆమె చంకలో రేకు డబ్బా ఉంది. లింగమూర్తి ఆ డబ్బాను చూశాడు, విస్తరిని చూశాడు. అన్నం మీద, గారెల మీద గింజలు. వాటి నడుమ ఊదా రంగు రవ్వలు. ఇరవై రెండు రోజుల్లో ఆ డబ్బా ఏమైందో అతను వెతకని చోటు లేదు. అవ్వ అటక ఎక్కగలదని తోచక, దాన్ని పెంటగుంతలో పూడ్చేసి ఉంటుందనుకున్నాడు.

కాకి కిందికి దిగింది. పక్కకు పక్కకు గెంతుతూ విస్తరి చుట్టూ ఒక సగం చుట్టు తిరిగింది.  ఒక్క గెంతులో ఆకు అంచు మీదికి వచ్చింది. మెడ చాచింది.

లింగమూర్తి కేక వేసుకుంటూ పరిగెత్తాడు. చేతిలోని కవరు విసిరాడు, అది చాలా ఇవతలే పడింది. వంగి మట్టిపెళ్ల అందుకుని విసిరాడు. కాకి ఎగిరీ ఎగరకముందే వెళ్లి విస్తరి మీద బోర్లా పడ్డాడు. కల్లు దొన్నె ఒరిగిపోయింది, అన్నం అతని ఛాతీకి అంటుకుంది.

"ఏం జేసినవురా!" అన్న లస్మవ్వ కేకకు నడిచెరువులోని బాతులు లేచాయి. ఆమె వచ్చి రెండు చేతులతో అతని వీపు మీద బాదింది. "కన్నతల్లి అన్నానికి వస్తే తరిమినవు గదరా! శత్రువన్న జేస్తడారా గిట్ల?"

శ్యాంసుందర్ భుజం పట్టి లాగాడు. "పిచ్చి లేసిందారా అల్లుడా? లే!"

"ముట్టిందా?" అన్నాడు లింగమూర్తి. అతని కళ్లు కాకి వైపే ఉన్నాయి. అది మళ్లీ కొమ్మెక్కి కూర్చుంది. "ముక్కు పెట్టిందా అది? ఎవలన్న చూసిండ్రా?"

"ముట్టిందన్నా, ముట్టినట్టే ఉన్నది," అంది సృజన ఓదార్పుగా.

"ముట్టలే! ముట్టలేదని చెప్పు!" అని అరిచాడు. ఆ అరుపుకు ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "అండ్ల మందున్నది. గా గింజలల్ల మందున్నది. ఎవలు దగ్గరికి రాకుండ్రి. చెల్లె, డబ్బ కింద పెట్టు. చేతులు సబ్బుతోని కడుక్కో, మొకం ముట్టుకోకు."

సృజన డబ్బాను కింద పెట్టి తన చేతుల్ని చూసుకుంది. "ఇత్తనపు గింజలేమో, గందుకే రంగున్నదేమో అనుకున్న," అంది. "ముక్కు పట్టేసింది, వాసన గూడ తెల్వలే." దేవవ్వ ఆమెను పట్టుకుని బిందె దగ్గరికి తీసుకుపోయింది.

"మందెవలు గలిపిండ్రు?" అని అడిగింది లస్మవ్వ.

అక్కడ లింగమూర్తికి ఒక దారి దొరికింది. ఎలుకల కోసం అవ్వే కలిపిందేమో అంటే సరిపోయేది. డబ్బా ఆమెది, ముడి ఆమెది, దాచిన చోటు ఆమెది. నమ్మనివాళ్లు ఎవరూ లేరు, చచ్చిపోయిన మనిషి లేచొచ్చి కాదనదు. ఆ మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది కూడా. దాన్ని మింగి, "నేనే," అన్నాడు. "కాకులకు నేనే పెట్టిన. రోగం గాదు, ఏం గాదు. అవ్వ డబ్బల గింజలు దీస్కొని కలిపిన. అడిగితే ఎరుక లేదన్న."

 శ్యాంసుందర్ అతని భుజం మీద నుంచి చేయి తీసేశాడు. కడిగిన చేతులు దూరంగా పట్టుకుని సృజన తిరిగొచ్చింది. ఆమె మొహంలో కోపం లేదు, అందుకే లింగమూర్తికి ఎక్కువ భయం వేసింది.

"దినాం ఫోన్ చేసిన నేను," అంది. "అన్న ఎట్లున్నడవ్వా అంటే మంచిగున్నడు బిడ్డా, మంచిగ జూసుకుంటుండు అన్నది. పిట్టలు లేవే అని ఒక్కనాడు ఏడ్సింది. ఎందుకవ్వా అంటే గాలి మారింది బిడ్డా అన్నది. అంతేగని నీ పేరు తియ్యలే. నాతోని గూడ తియ్యలే."

లింగమూర్తి డబ్బాకు వేలాడుతున్న చీరపేలిక వైపు చూశాడు. అవ్వ ఆ డబ్బాను పారేయలేకపోయింది. పెంటలో పోస్తే కోళ్లు తింటాయి, చెరువులో పోస్తే చేపలు, గట్టు మీద పోస్తే మళ్లీ పిట్టలే. పశువుల డాక్టరుకు చూపిస్తే కొడుకు పేరు బయటికొస్తుంది. డెబ్బై ఆరేళ్ల మనిషి నిచ్చెనేసుకుని అటకెక్కి, దాన్ని పిట్టలకు అందకుండా, ఊరికి తెలియకుండా కట్టిపెట్టింది. ఇరవై రెండు రోజులూ ఆమె తనను వెలేసిందనుకున్నాడు. ఆమె తనను కడుపులో పెట్టుకుని దాచిందని ఇప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం? ఒక్క మాట, 'నేనే' అన్న ఈ ఒక్క మాట అప్పుడంటే ఆమె తిట్టేది, రెండు రోజులకు పలికేది. ఇప్పుడు పదిమందిలో అన్నా పలికే మనిషి లేదు. అతను ఛాతీకి అంటిన అన్నంతోనే కూర్చుని బిగ్గరగా ఏడ్చాడు.

కాసేపటికి శ్యాంసుందర్ అలవాటుగా, "పిట్ట ముట్టకుంటె వేరే ఊర్లల్ల ఆవుకన్న పెడతరట గద," అనబోయి, సగంలో ఆపేశాడు. "నీళ్లల్ల ఇడిస్తే," అని మొదలుపెట్టిన లస్మవ్వ కూడా చెరువు వైపు చూసి ఊరుకుంది. ఆ విస్తరిని ఏం చేయాలో చెప్పే పద్ధతి ఎవరి దగ్గరా లేదు.

"నేను పూడుస్త. మీరు పోండ్రి," అన్నాడు లింగమూర్తి.

లస్మవ్వ ముందు లేచింది. ఆమె తిరిగి చూడలేదు, పిట్టకు పెట్టి పోయేటప్పుడు ఎవరూ తిరిగి చూడరు. తర్వాత శ్యాంసుందర్. దేవవ్వ సృజనను నడిపించుకుంటూ పోయింది. కట్ట ఎక్కేటప్పుడు సృజన ఒక్కసారి ఆగింది, వదిన చేయి లాగితే మళ్లీ కదిలింది. ఇంట్లో వండిన అన్నం అలాగే ఉంది, ఆ పూట దాన్ని తినే మనిషి ఎవరూ లేరు.

బూడిద ఎత్తడానికి తెచ్చిన పార అక్కడే పడి ఉంది. నీళ్లకు దూరంగా, కట్ట వైపు గట్టి నేల చూసుకుని లింగమూర్తి తవ్వడం మొదలుపెట్టాడు. నడుము లోతు తవ్వితే గానీ నక్కలు తోడకుండా ఉండవు. తవ్వుతున్నంతసేపూ విస్తరిని, డబ్బాను తువ్వాలతో కప్పి పక్కనే పెట్టుకున్నాడు.

కొమ్మ మీది కాకి పోలేదు. పోతుందా మరి? తూము దగ్గర నుంచి ముక్కముక్కకూ ఆశపెట్టి పిలుచుకొచ్చింది అతనే. ఈ మనిషి దగ్గర తిండి ఉందని దానికి బాగా తెలిసిపోయింది. అతను పార ఎత్తినప్పుడు కాస్త ఎగిరి, దించగానే మళ్లీ దగ్గరికి వస్తోంది. గుంత మోకాలి లోతు వచ్చేసరికి అతనికి నాలుగడుగుల దూరంలో నేల మీద నిలబడి, తల పక్కకు వంచి, కావుకావుమని అడిగింది. ముక్కు శుభ్రంగా ఉంది, కళ్లు చురుగ్గా ఉన్నాయి, ఇంకా బతికే ఉంది. పొద్దుటి నుంచి చెరువు చెరువంతా తిరిగి అతను బతిమాలుకున్నది ఇలా దగ్గరికి రమ్మనే.

తువ్వాల అంచు కింద నుంచి అన్నం మెతుకులు రెండు బయటికి కనబడుతున్నాయి. కాకి వాటి వైపు గెంతింది. లింగమూర్తి పార పడేసి మట్టిపెళ్ల తీసుకున్నాడు.

"పో," అన్నాడు. అది రెండు గెంతులు వెనక్కి వేసి మళ్లీ ముందుకొచ్చింది.

"పో అవ్వా," అని విసిరాడు. పెళ్ల పక్కన పడింది. కాకి ఎగిరి, చుట్టు తిరిగి, మళ్లీ అక్కడే వాలింది. అతను ఇంకొక పెళ్ల తీసుకున్నాడు. "పో అవ్వా... నీకు దండం పెడుత, నా దగ్గరికి రాకు, పో," అంటూ ఏడుస్తూ విసురుతూనే ఉన్నాడు.